పోర్ఫియాదా మెడ

వాల్దీవియా,
ఆగస్టు 4

మావయ్యకి,

ఈ ఉత్తరం మీకు తెల్లటి థర్మాకోల్ పెట్టెలో అందుతుంది. మూత తీసి అత్తయ్య నిరాశపడకుండా ముందే చెబుతున్నాను, అందులో చేపలు లేవు. ఖాళీ గొట్టాలూ, ఐసు సంచులూ ఉన్నాయి. వాటిని పశువుల డాక్టరమ్మ ఫ్రేసియాకి ఇవ్వండి. మీకు ఫోన్ చేద్దామంటే కొండ మీద సిగ్నల్ దొరకదు, దొరికినా మీరు ఎత్తరు, ఎత్తినా "ఆఁ, బాగున్నాం, ఉండు అత్తయ్యకిస్తా" అని పారిపోతారు. అందుకే బస్సులో ఉత్తరం.

సంగతేమిటంటే, మా ప్రయోగశాలలో బొద్దుగా ఉండే మన నాటు గుర్రాలకి చక్కెర పరీక్ష చేస్తున్నాం. మన మౌలే వైపు మంచి గుర్రం ఎవరి దగ్గరైనా ఉందా అని మా ప్రొఫెసర్ అడగ్గానే నా నోట్లోంచి పోర్ఫియాదా పేరు వచ్చేసింది. ఇంకెవరి పేరు వస్తుంది? అది పుట్టిన రోజు నాచేతే కదా దాని ఒళ్ళు తుడిపించారు. పుట్టీ పుట్టగానే నన్ను తన్నింది. అప్పుడే మీరు దానికి పోర్ఫియాదా, అంటే మొండిది అని పేరు పెట్టారు.

పరీక్ష తేలికే. గుర్రం తీపి తింటే ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది. చక్కెరను కండలోకి పంపడం దాని పని. కొన్ని గుర్రాల్లో కండ దాని మాట వినదు. వినకపోయేసరికి ఒళ్ళు ఇంకా ఇంకా ఇన్సులిన్ని వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులినే పోయి పోయి గిట్టల లోపలి పొరను పాడుచేస్తుంది. పైకి ఏమీ తెలియదు. మేము పాకం తాగించి, కాసేపాగి, రక్తంలో ఎంత ఊరిందో చూస్తాం.

మీరు చేయవలసింది ఇంతే. ముందురోజు రాత్రి దాణా పెట్టొద్దు, కాస్త ఎండుగడ్డి చాలు. పరీక్ష రోజు పొద్దున లాయంలోంచి కదిలించొద్దు, డాక్టరమ్మే వస్తుంది. మిగతాదంతా ఎప్పటిలాగే ఉండనివ్వండి. నోల్బెర్తో బాబాయి మగగుర్రానికి కూడా చేయిస్తే బాగుంటుంది, ఆయనకూ ఒక పెట్టె పంపాను.

అత్తయ్య చేతి రొట్టె తలుచుకుంటూ,
మీ యాస్నా

*

కురెప్తో,
ఆగస్టు 16

అమ్మా యాస్నా,

పెట్టె చేరింది. చేపలు లేవని నువ్వు రాసినా మీ అత్తయ్య అడుగుదాకా వెతికింది. ఇప్పుడు అదే పెట్టెలో పోర్ఫియాదా రక్తం వస్తోంది. జాగ్రత్తగా చూసుకో, ఈ జిల్లాలో ఇంతకంటే మంచి రక్తం లేదు.

ఫ్రేసియా డాక్టరమ్మ పొద్దున్నే వచ్చింది. నువ్వు ఎప్పటిలాగే అన్నావు కనుక ఎప్పటిలాగే సిద్ధం చేశాను. ఆకలి మీద ఉందేమో, పాకం గొట్టం నోట్లో పెట్టగానే చప్పరించింది, ఆ తర్వాత తల విదిలించి మిగిలింది డాక్టరమ్మ జుట్టు మీదకి చిమ్మింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. "ఏం మెడండీ, దాని వయ్యారం చూడండి" అని జూలు సర్దింది. ఈ మాట అందరూ అనేదే అనుకో. జూలు ఒకవైపుకి వాలిపోయేంత మెడ ఎన్ని గుర్రాలకుంటుంది? మా నాన్న అనేవాడు, మెడ చూస్తే ఇంటి యజమాని తెలుస్తాడని. బక్క గుర్రాన్ని కట్టుకున్నవాడు ఊళ్ళో తలెత్తుకుని తిరగలేడు.

రక్తం తీసే టైమయ్యేదాకా మీ అత్తయ్య డాక్టరమ్మకి నూనెలో వేయించిన సోపైపిల్యా రొట్టెలు పెట్టి టీ ఇచ్చింది. ఇది లాయంలోంచి మాకేసి చూస్తూ ఒకటే సకిలింపు. నీ పరీక్ష కోసం నా గుర్రం ఆకలితో ఉంటే మేము తింటున్నామని సిగ్గేసింది. గొట్టం నిండగానే పరుగెత్తాను గడ్డి వేయడానికి.

నీకు తెలుసు కదా, జనవరి ప్రదర్శనకి దాన్ని తీసుకెళ్దామని. దానికి పన్నెండేళ్ళు, నాకు అరవై తొమ్మిది. ఇద్దరికీ ఇదే ఆఖరి అవకాశం. దాని తల్లికి రెండో బహుమతి వచ్చింది, అమ్మమ్మకి మూడోది. మొదటిది ఇంకా మా గడప తొక్కలేదు.

మీ మావయ్య,
క్లోతారియో

*

వాల్దీవియా,
ఆగస్టు 23

మావయ్యా,

ఈ వారంలో చేసిన గుర్రాలన్నిటిలో పోర్ఫియాదాదే మంచి ఫలితం. ముప్పై ఒకటి వచ్చింది. చాలా తక్కువ. అంత మెడ చూసి నేను లోపల్లోపల భయపడ్డాను, మీకు చెప్పలేదు. కాగితం చూడగానే కుర్చీలోంచి లేచి ప్రొఫెసర్ని పిలిచాను. "మీ మావయ్య గుర్రాన్ని బాగా చూసుకుంటాడే" అన్నాడాయన. "ఆయన్ని చూసే నేను ఈ చదువులోకి వచ్చానండీ" అన్నాను.

నోల్బెర్తో బాబాయికి విడిగా రాశాను. ఆయన గుర్రం సంగతి అంత బాగా లేదు.

అత్తయ్యకి ముద్దులు. పోర్ఫియాదా నుదుటి మీద కూడా ఒకటి.

యాస్నా

*

కురెప్తో,
సెప్టెంబరు 3

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాను. నా మనసు నొప్పించకూడదని ఎంత మెత్తగా రాశావో అర్థమైంది. చిన్నప్పుడు నేను మెడియాలూనా బరిలో ఎద్దుని తప్పించుకోనిచ్చి తల వేలాడేసుకుని వస్తే, "మావయ్యా, అందరికంటే నీ చామంతో శాలువా రంగే బాగుంది" అనేదానివి. మళ్ళీ అదే గొంతు వినిపించింది.

కానీ ముప్పై ఒకటి అంటే ముప్పై ఒకటే కదమ్మా. నోల్బెర్తో గుర్రానికి రెండొందల పన్నెండు. వాడు ఆ కాగితం చొక్కా జేబులో కనపడేట్టు పెట్టుకుని మా గుర్రాల క్లబ్బుకి వచ్చాడు. బావమరిది అని ఊరుకున్నాను గానీ లేకపోతే అక్కడే ఒకటి అంటించేవాడిని. "అమ్మాయి మేత తగ్గించమని రాసిందిలే బావా," అంటాడు, "ఇంకా పెంచితే పక్కవాళ్ళ గుర్రాలు సిగ్గుపడతాయని కాబోలు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకు మింగుడుపడనిది ఒకటే. నీ పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం దాని మెడకి కంబళి చుట్టి ఎదురుకొండ ఎక్కించి దించి, ఎక్కించి దించి, నురుగు వచ్చేదాకా చెమట పట్టించాను. నలుగురికి చూపించే ముందు ఎప్పుడూ చేసేదే కదా. అంత చేసినా ముప్పై ఒకటా? అంటే తిండి చాలడం లేదన్నమాట. అందుకని వారం రోజులుగా ఓట్స్ రెండింతలు చేశాను. లూసర్న్ గడ్డి కోరినంత. సాయంత్రం బెల్లపు పాకం కలిపిన తవుడు. "అది గుర్రమా, పెళ్ళికూతురా" అని మీ అత్తయ్య దెప్పుతోంది. దెప్పనీ.

పండగలయ్యాక మళ్ళీ పరీక్ష పెట్టు. ఈసారి నీకు తలవంపులు రానివ్వను.

మావయ్య

*

వాల్దీవియా,
సెప్టెంబరు 10

మావయ్యా,

మీ ఉత్తరం మొదటిసారి చదివి నవ్వాను. రెండోసారి చదివితే భయమేసింది.

ఇది పందెం కాదు మావయ్యా. ఇందులో అంకె పెరిగితే గెలిచినట్టు కాదు, జబ్బు పెరిగినట్టు. నోల్బెర్తో బాబాయి గుర్రానికి రెండొందల పన్నెండు అంటే అది ప్రమాదంలో ఉందని అర్థం. జూలు కింద గట్టిపడే కొవ్వు కూడా ఈ జబ్బుకి గుర్తే. ఆ మాట ఆయనకి విడమరిచే రాశాను. ఆయన అంకె ఒక్కటే చదివినట్టున్నారు.

దానికంటే ముఖ్యమైనది, కొండెక్కించడం. చెమట పట్టేదాకా పరుగెత్తించిన మర్నాడు కండ ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఒకటి రెండు రోజులు అంతే. కాబట్టి ఆ ముప్పై ఒకటి పోర్ఫియాదా మామూలు అంకె కాదు, మీరు కొండ మీద పుట్టించిన అంకె. అసలుది ఎంతో నాకు తెలియదు. ఎప్పటిలాగే ఉండనివ్వండి అని రాసినప్పుడు మీ 'ఎప్పటిలాగే'లో ఈ కొండ ఉంటుందని నాకు తట్టి ఉండాల్సింది.

దయచేసి ఇది అందగానే ఓట్స్ ఆపండి. పాకం ఆపండి. లూసర్న్ కూడా. ఎండుగడ్డి ఒక్కటే పెట్టండి. దాని గిట్టల మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉన్నాయేమో. నిన్న క్లబ్బుకి ఫోన్ చేశాను. అవతల గిటార్లూ, చప్పట్లూ. మీరు "ఆఁ, ఆఁ, బాగా తింటోంది" అని పెట్టేశారు.

యాస్నా

*

కురెప్తో,
సెప్టెంబరు 21

యాస్నా,

పద్దెనిమిదో తారీఖు స్వాతంత్ర్య పండగకి బస్సు ఆఫీసు వారమంతా మూసేశారు. నీ పెట్టె నిన్ననే చేతికొచ్చింది. అప్పటికే అయిపోయింది.

పందొమ్మిదో తారీఖు పొద్దున మేము ఇంకా నిద్ర మత్తులో ఉన్నాం. గుర్రం తలుపు దగ్గరకి రాలేదు. ఎప్పుడూ తలుపు తన్ని నన్ను లేపేది అదే. వెళ్ళి చూస్తే ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వేసుకుని గోడకి ఆనుకున్నట్టు నిలబడి ఉంది. పగ్గం పట్టి లాగితే ఒక్క అడుగు వేసి, నాకేసి చూసింది. ఆ చూపు చెప్పలేనమ్మా. గిట్టలు కాలుతున్నాయి.

ఫ్రేసియా డాక్టరమ్మ వచ్చి మందు ఇచ్చింది. "గిట్ట లోపల ఎముక ఇంకా కదల్లేదు, కదిలితే మాత్రం చేయగలిగింది ఏమీ ఉండదు, క్లోతారియోగారూ" అంది. నోల్బెర్తో కంచె అవతల నుంచి చూసి, "చిన్నగా బెణికి ఉంటుందిలే" అన్నాడు. నేను దాని గిట్టల దగ్గరే కూర్చున్నాను.

నీ ఉత్తరం నిన్న మూడుసార్లు చదివాను. నామీద కోపం లేదు నీకు, అది నాకు తెలుస్తోంది. నాకే నామీద ఉంది. ప్రేమతో పెట్టాను యాస్నా. చారెడు చారెడు నా చేత్తో పెట్టాను. అది నా చేతిలోంచి తిని నా చేతిలోనే కుంటిది అయింది. అది చచ్చిపోతే నేను ఇంకో గుర్రాన్ని ముట్టుకోను.

ఏం చేయమంటావో చెప్పు. ఏది చెబితే అది చేస్తాను.

మావయ్య

*

వాల్దీవియా,
సెప్టెంబరు 23

మావయ్యా,

దీన్ని రాత్రి బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను, రేపు మీ దగ్గరకి తెచ్చిపెడతానన్నాడు.

మొదటిది, ఆ గోడ పక్కన నేల గట్టిగా ఉంటుంది. లాయంలో ఇసుక పోయించండి, మందంగా, అది పడుకోగలిగేట్టు. పడుకుంటే భయపడకండి, పడుకోనివ్వండి. రెండోది, వాగు నీళ్ళు. ఇప్పుడింకా చలికాలపు చల్లటి నీళ్ళే కదా వస్తున్నాయి. బాల్చీలతో తెప్పించి ముందుకాళ్ళు మునిగేలా పెట్టండి. నాలుగడుగులు నొప్పి లేకుండా వేసేరోజు వచ్చాక వాగులోకే నడిపించొచ్చు. మూడోది, ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెట్టండి, అందులో ఉన్న తీపి పోతుంది. పచ్చిక మీదకి వదలొద్దు. ఈ సెప్టెంబరు వసంతంలో పచ్చికంతా చక్కెరే.

పరీక్ష ఇప్పుడు వద్దు. నొప్పిలో ఉన్నప్పుడు రక్తం నిజం చెప్పదు. నెల గడిచాక చేద్దాం. ముందురోజు మీరు కుర్చీలో కూర్చోండి, కొండ దానంతట అది ఉంటుంది.

మీ చేతిలోంచి కుంటిది అయింది అని రాశారు. నేను ఆ వాక్యం దగ్గర ఏడ్చాను. అది బతికితే మీ చేతిలోంచే బతుకుతుంది, నేను ఇక్కడ కూర్చుని గొట్టాలు తిప్పడం తప్ప ఏమీ చేయలేను.

యాస్నా

*

కురెప్తో,
నవంబరు 12

అమ్మా యాస్నా,

ఇన్నాళ్ళూ రెండు ముక్కల చీటీలే పంపాను. ఇవాళ కూర్చుని రాస్తున్నాను, ఎందుకంటే ఇవాళ అది తలుపు తన్నింది. ఆరు నూరైనా లేచి రావాలన్నట్టు తన్నింది. మీ అత్తయ్య వంటింట్లోంచి "వచ్చింది నీ మొండిది, వచ్చింది" అని కేకలు.

ఈ నెలన్నరా ఎలా గడిచిందో చెబుతాను. మొదట్లో బాల్చీలు. మీ అత్తయ్య మోసింది, నేను దాని కాళ్ళు పట్టుకున్నాను. తర్వాత వాగు. పొద్దుటా సాయంత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో దాని పక్కన నిలబడ్డాను. నువ్వు నన్ను నిలబడమని రాయలేదు, తెలుసు. ఒడ్డున కూర్చుంటే అది నా దగ్గరకి వచ్చేస్తోంది, అందుకని నేనే దిగాను. నా కాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి, కావాలంటే నీ ప్రొఫెసర్తో చెప్పు.

అసలు కష్టం తిండి పెట్టకపోవడం. అది ఓట్స్ డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ డబ్బా వైపు చూసేది. ఒకరోజు పిడికెడు తీశాను కూడా. మీ అత్తయ్య వెనక నుంచి నా మణికట్టు పట్టుకుని, "ఆ పిడికెడు ఎవరికి పెడుతున్నావు, దానికా, నీకా?" అంది. డబ్బా మర్నాడే కోళ్ళకి ఇచ్చేసింది. ముప్పై ఏడేళ్ళు కాపురం చేశాను గానీ ఆవిడ ఇంత గట్టిదని ఇప్పుడే చూశాను.

గుర్రం చిక్కిపోయింది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ అడుగుతున్నారు. "క్లోతారియోగారూ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" ఒకాయన గడ్డి మోపు తెచ్చి కంచె మీద పెట్టి వెళ్ళాడు, పాపం. తలుపులు వేసుకుని కూర్చోవాలనిపించింది. కానీ ఒకటి చెప్పనా. జూలు కింద ఆ బరువు కరిగాక దాని మెడ బయటికొచ్చింది. కింద నుంచి పైకి సన్నగా, సాఫీగా. కండ కదలడం కనిపిస్తుంది. ఇంత అందమైన మెడ దానికి ఉందని పన్నెండేళ్ళు నాకే తెలియదు.

డాక్టరమ్మ రేపు రక్తం తీస్తుంది. నేను కుర్చీలోంచి కదల్లేదు. మీ అత్తయ్య సాక్షి.

మావయ్య

*

వాల్దీవియా,
నవంబరు 21

మావయ్యా,

డెబ్బై నాలుగు వచ్చింది. ఉండవలసినదానికంటే ఇంకా ఎక్కువే. కానీ ఇది నిజమైన అంకె, సెప్టెంబరులో కొలిచి ఉంటే ఎంత ఉండేదో ఊహించడానికే భయం. దారి మారిందని చెబుతోంది. డాక్టరమ్మ పంపిన గిట్టల ఎక్స్‌రే కూడా చూశాను. ఎముక ఉన్నచోటే ఉంది.

మీ ఉత్తరాన్ని ఇక్కడ అందరికీ చదివి వినిపించాను, మీరేమైనా అనుకోండి. నీళ్ళలో నిలబడ్డ చోట ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మేము మేత తగ్గించమని కాగితం మీద రాస్తాం, చాలామంది మా ముందు తల ఊపి ఇంటికి వెళ్ళి పెడతారు. ఊరంతా చూస్తుండగా తన గుర్రాన్ని తనే సన్నగా చేసిన మనిషిని ఇప్పటిదాకా చూడలేదు అన్నాడు. మీ మేనకోడల్ని అయినందుకు నాకెంత గర్వంగా ఉందో ఈ పెట్టెలో పట్టదు.

ఒక్క మాట, మనసు రాయి చేసుకుని రాస్తున్నాను. జనవరి ప్రదర్శన వదిలేయండి. అక్కడి జడ్జీలు ఏం చూస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని కోసం మళ్ళీ కొవ్వు పెంచాలని ఎవరైనా అంటే వినకండి.

యాస్నా

*

కురెప్తో,
జనవరి 20

అమ్మడూ,

నీ మాట సగం విన్నాను. కొవ్వు పెంచలేదు. ప్రదర్శనకి మాత్రం తీసుకెళ్ళాను.

కోప్పడకు. డాక్టరమ్మ చూసి, పగ్గం పట్టుకుని నడిపించడానికి ఢోకా లేదంది. గెలవడానికి వెళ్ళలేదు. గెలవదని నాకు తెలుసు. అయితే మా గడపలో మొదటి బహుమతి కోసం ఇన్నేళ్ళు కలలు కన్నది నేను, కాళ్ళు కాలింది దానికి. దాన్ని ఇంట్లో దాచితే సిగ్గుపడి దాచానంటారు. నేను సిగ్గుపడటం లేదని దానికి తెలియాలి, ఊరికీ తెలియాలి. మీ అత్తయ్య నా మంచి చామంతో ఇస్త్రీ చేసి, "పద, నేనూ వస్తా" అంది.

మైదానంలో పద్నాలుగు గుర్రాలు. పదమూడు నిగనిగలాడుతూ, మెడలు గోడల్లా. మధ్యలో ఇది. చుట్టూ గుసగుసలు. రాంకాగువా నుంచి వచ్చిన జడ్జి, మర్యాదస్తుడే, దాని చుట్టూ తిరిగి, పక్కటెముకల మీద చెయ్యి వేసి, మైకు పక్కనే ఉందని మరిచిపోయినట్టున్నాడు. "ఏమండీ, మీ ఇంట్లో ఓట్స్ లేవా?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు.

నాకు కోపం రాలేదు. "ఓట్సూ ఉండేవండీ, గుర్రమూ ఉండేది," అన్నాను, "రెండిట్లో ఒకటే ఉంచుకోవాలన్నారు. గుర్రాన్ని ఉంచుకున్నాను."

నవ్వు ఆగిపోయింది. జడ్జి కొంచెంసేపు దాని మెడ మీద చెయ్యి తీయకుండా నిలబడి, తర్వాతి గుర్రం దగ్గరికి వెళ్ళాడు. మాకు ఆఖరి స్థానం వచ్చింది. మైదానంలోంచి బయటికి నడిపించుకొస్తుంటే అది తల పైకెత్తి, తోక ఆడిస్తూ, ఒక్క అడుగు కూడా తడబడకుండా వచ్చింది. దాని పక్కన నడుస్తుంటే నాకు కళ్ళు కనపడలేదు. మీ అత్తయ్య మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

మొదటి బహుమతి నోల్బెర్తోకి వచ్చింది.

గుర్రాన్ని బండి ఎక్కిస్తుంటే వాడు వచ్చాడు. పక్కన వాడి గుర్రం, మెడ చుట్టూ రిబ్బను. దెప్పడానికొచ్చాడనుకుని నోరు సిద్ధం చేసుకున్నాను. వాడు పోర్ఫియాదా మెడని చూశాడు, వంగి ముందుగిట్టల మీద అరచెయ్యి పెట్టాడు. లేచి తన గుర్రం జూలు కింద వేళ్ళు దూర్చి నొక్కాడు. వేళ్ళు దిగలేదు.

"గట్టిగా ఉంది బావా," అన్నాడు. "రెండేళ్ళుగా ఇలాగే గట్టిగా ఉంది."

నేనూ ఆ జూలు కింద వేళ్ళు పెట్టి చూశాను.

"నొప్పి మొదలయ్యే ముందు ఎలా తెలుస్తుంది?"

"మనకి తెలియదురా. అది చెప్పదు. నొప్పి దాచుకునే అలవాటు దానికి. రక్తాన్నే అడగాలి."

జనం ఇంకా అక్కడే ఉన్నారు, వాడికి చేతులు కలపడానికి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. వాళ్ళ ముందే వాడు ఆ రిబ్బను ముడి విప్పి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మాయికి నువ్వు రాస్తావా," అన్నాడు, "నేను రాయనా?"

మావయ్య